సభకు పెద్ద, సభ్యుడు కాదు: రాజ్యసభ చైర్మన్ కుర్చీ లెక్క

పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ దాటితే పాతపట్నం. ఏటికి ఇటు ఒడియా, అటు తెలుగు అని మ్యాపులో గీత గీయడం సులువే. ఇళ్లలో మాత్రం రెండూ కలిసే నడుస్తాయి. పిల్లల చేతిలో ఒడియా పుస్తకం ఉంటుంది, టీవీలో తెలుగు వార్తలు మోగుతుంటాయి. ఈ రెంటి మధ్య పడి బాగా నలిగిన మాట 'సభాపతి'. తెలుగు పేపర్లో సభాపతి అంటే స్పీకరు. హిందీలో అదే మాట రాజ్యసభ చైర్మన్‌కు వాడతారు, లోక్‌సభ స్పీకరును 'అధ్యక్ష్' అంటారు. ఒడియా పేపరు స్పీకరును 'బాచస్పతి' అని రాస్తుంది, 'సభాపతి'ని పార్టీ అధ్యక్షుడికి, సంఘం అధ్యక్షుడికి వాడుతుంది. మహారాష్ట్ర అంచున సిరొంచ, రాజురా వైపు తెలుగువాళ్లకైతే పంచాయతీ సమితికీ సభాపతే, విధాన పరిషత్తుకూ సభాపతే. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఇక్కడే తప్పులో కాలేస్తారు. అందుకని ఈ వ్యాసంలో చైర్మన్, డిప్యూటీ చైర్మన్, స్పీకర్ అనే రాస్తున్నాం.

రెండో చిక్కు శాసనమండలిది. ఒడిశాకు మండలి లేదు. 49 మందితో ఒకటి కావాలని 2018 సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేసినా అది ఏర్పడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 58 మందితో, తెలంగాణలో 40 మందితో, మహారాష్ట్రలో 78 మందితో మండళ్లున్నాయి. తెలుగు ఛానెళ్లలో 'మండలి చైర్మన్' అన్న మాట విని విని, రాజ్యసభ చైర్మన్ కూడా అలాంటివాడే అనుకుంటారు. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను ఆంధ్రప్రదేశ్ మండలి చైర్మన్ తన విచక్షణతో సెలెక్ట్ కమిటీకి పంపిస్తున్నానని ప్రకటించినప్పుడు బరంపురంలో కూడా ఇదే చర్చ. అయితే మండలి చైర్మన్ ఆ సభలో సభ్యుడు. తోటి సభ్యులు తమలో ఒకరిని ఎన్నుకుని కుర్చీలో కూర్చోబెడతారు, 182వ అధికరణం చెప్పేది అదే. రాజ్యసభ చైర్మన్ రాజ్యసభ సభ్యుడే కాడు. ఆయన ఉపరాష్ట్రపతి. ఆ పదవిలో ఉన్నందువల్లే 64వ అధికరణం ప్రకారం ఈ కుర్చీ వస్తుంది.

ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే మిగతా వింత నిబంధనలు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి. ఊళ్లో అన్నదమ్ముల తగువుకు బయటి పెద్దమనిషిని పిలిచినట్టు, రాజ్యాంగం ఈ సభకు బయటి మనిషిని తెచ్చి పెట్టింది. ఆయన మాట చెల్లుతుంది, పంపకాల్లో మాత్రం ఆయనకు వాటా ఉండదు.

ఎన్నుకునేది ఎవరు

ఉపరాష్ట్రపతిని ఎన్నుకునేది రెండు సభల ఎంపీలు, నామినేటెడ్ సభ్యులతో సహా. ఎమ్మెల్యేలకు ఓటు లేదు. రాష్ట్రపతి ఎన్నికలో దీనికి పూర్తిగా తలకిందులు: అక్కడ ఎమ్మెల్యేలు వేస్తారు, నామినేటెడ్ ఎంపీలు వేయరు. కాబట్టి పర్లాకిమిడి ఓటరు వేసిన ఎమ్మెల్యే ఓటు చైర్మన్ వరకు వెళ్లదు, ఎంపీ ఓటు వెళుతుంది. పర్లాకిమిడి, మోహన, చికిటి అన్నీ బరంపురం లోక్‌సభ స్థానం కిందివే (1996లో పి.వి. నరసింహారావు గెలిచింది ఈ బరంపురం నుంచే). రాయగడ, గుణుపురం వాళ్లకు కోరాపుట్ ఎంపీ. ఎమ్మెల్యే ఓటు మరో దారిలో పనిచేస్తుంది. రాజ్యసభకు ఒడిశా పంపే 10 మందిని ఎన్నుకునేది ఎమ్మెల్యేలు, ఆ పదిమందీ మిగతా రాష్ట్రాల సభ్యులతో కలిసి డిప్యూటీ చైర్మన్‌ను ఎన్నుకుంటారు.

ఇక లెక్క చూడండి. లోక్‌సభ 543, రాజ్యసభ 245, మొత్తం 788 ఓట్లు. ఎంపీ ఎవరైనా ఓటు విలువ ఒకటే. అంటే రాజ్యసభకు పెద్దను ఎంచే ఓటర్లలో మూడింట రెండొంతులకు పైగా ఆ సభవాళ్లు కానే కారు. లోక్‌సభలో బలం ఉన్న కూటమికి రాజ్యసభలో మెజారిటీ లేకపోయినా, అక్కడి కుర్చీలో తన మనిషిని కూర్చోబెట్టగలదు. 2017లో వెంకయ్య నాయుడు ఎన్నికైనప్పుడు జరిగింది అదే. చైర్మన్‌కూ ప్రతిపక్షానికీ పడని రోజులు ఇంత తరచుగా రావడానికి వ్యక్తుల స్వభావం కంటే ఈ ఏర్పాటే పెద్ద కారణమని చెప్పాలి.

2025 సెప్టెంబరు 9న జరిగిన ఎన్నిక దగ్గర్నుంచి చూడదగ్గది. ఓటర్లు 781 మంది, ఓటేసింది 767 మంది. ఒడిశా నుంచి బిజూ జనతాదళ్, తెలంగాణ నుంచి బీఆర్‌ఎస్ దూరంగా ఉన్నాయి. అంతవరకు మహారాష్ట్ర గవర్నరుగా ఉన్న సి.పి. రాధాకృష్ణన్‌కు 452, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్‌రెడ్డికి 300 వచ్చాయి. 15 ఓట్లు చెల్లలేదు. చెల్లిన 752లో సగం 376, దానికి ఒకటి కలిపితే 377, గెలుపుకు కావలసింది అది. మొదటి లెక్కలోనే అది దాటితే రెండో ప్రాధాన్యం ఓట్లు తిరగేయక్కర్లేదు. ఎంపీలై ఉండి 15 ఓట్లు పాడుచేసుకోవడమేమిటని చాలామంది నవ్వారు. ఇది మీట నొక్కే ఓటు కాదు. బ్యాలెట్ కాగితం మీద, ఎన్నికల సంఘం ఇచ్చిన పెన్నుతోనే, పేరు ఎదురుగా 1 అంకె వేయాలి. ఆ అంకె లేకపోయినా, ఇద్దరికీ 1 వేసినా, ఓటరు ఎవరో తెలిసేలా గుర్తు పెట్టినా ఆ కాగితం పక్కకు పోతుంది. ఓటు రహస్యం కాబట్టి పార్టీ విప్ జారీ చేయడానికీ లేదు.

పోటీకి 35 ఏళ్లు నిండాలి, రాజ్యసభకు ఎన్నికయ్యే అర్హత ఉండాలి, 20 మంది ఎంపీలు ప్రతిపాదించి మరో 20 మంది బలపరచాలి, 15,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి. గెలిచిన వ్యక్తి ఏ చట్టసభలోనైనా సభ్యుడైతే, ఉపరాష్ట్రపతిగా బాధ్యత తీసుకున్న రోజున ఆ సీటు ఖాళీ అయినట్టే.

ఓటు లేదు, జీతం ఉంది

సభ్యుడు కాదు కాబట్టి ఆయనకు మామూలు ఓటు లేదు. 100వ అధికరణం ప్రకారం రెండు పక్షాల ఓట్లు సమానమైతేనే నిర్ణాయక ఓటు. ఇక్కడ ఒక చిన్న సూక్ష్మం ఉంది. ఆయన స్థానంలో డిప్యూటీ చైర్మన్ కూర్చుంటే, ఆయన అసలు సభ్యుడే అయినా, కుర్చీలో ఉన్నంతసేపు మొదటి ఓటు పోతుంది. బిల్లు ఒకటి రెండు ఓట్ల తేడా మీద ఊగుతున్న రోజున, చైర్మన్ స్వయంగా కూర్చోవడం పాలకపక్షానికి ఒక ఓటు మిగిల్చినట్టు. ఆ సంగతి సభాపక్ష మేనేజర్లకు బాగా తెలుసు.

జీతం సంగతి ఇంకా వింత. ఉపరాష్ట్రపతి పదవికంటూ జీతం లేదు. నెలకు 4 లక్షల రూపాయలు ఇచ్చేది రాజ్యసభ చైర్మన్ హోదాలో, 97వ అధికరణం కింద. రాష్ట్రపతి పదవి ఖాళీ అయి ఆయన ఆ పని చూడాల్సివస్తే చైర్మన్ పని ఆగిపోతుంది, చైర్మన్ జీతమూ ఆగిపోతుంది, రాష్ట్రపతికిచ్చే జీతభత్యాలు వస్తాయి.

ఫిరాయింపుల చట్టంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. స్పీకర్, డిప్యూటీ స్పీకర్, రాజ్యసభ డిప్యూటీ చైర్మన్, మండలి చైర్మన్ పదవి రాగానే పార్టీ సభ్యత్వం వదులుకున్నా అనర్హత పడదని పదో షెడ్యూలు ఐదో పేరా మినహాయింపు ఇచ్చింది. ఆ వరుసలో రాజ్యసభ చైర్మన్ పేరు లేదు. మరచిపోయి వదిలేశారనుకోవద్దు. సభ్యత్వమే లేని మనిషికి అనర్హత ఎక్కడిది?

కుర్చీ ఖాళీ అయితే

బరంపురంవాళ్లు ఈ కథ మొదలుపెడితే వి.వి. గిరి దగ్గర మొదలుపెట్టాలి. 1894లో పుట్టింది ఇక్కడే, అప్పటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీ. 1952లో లోక్‌సభకు గెలిచింది ఏటికి అవతలి పాతపట్నం నుంచి. 1967 మే 13న ఉపరాష్ట్రపతి అయ్యారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న రెండో తెలుగింటి మనిషి, మూడోవారు వెంకయ్య నాయుడు.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ హఠాత్తుగా పోయారు. అదే రోజు గిరి తాత్కాలిక రాష్ట్రపతి. ఆ క్షణం నుంచి రాజ్యసభ చైర్మన్ పని డిప్యూటీ చైర్మన్ వయొలెట్ ఆల్వా చేతికి వెళ్లింది. జూలై 20న గిరి ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా చేసి స్వతంత్రుడిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. దాంతో రాష్ట్రపతీ లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. ఇలాంటి పరిస్థితికి రాజ్యాంగం నేరుగా దారి చూపలేదు, పార్లమెంటు చట్టం చేసుకోవచ్చని 70వ అధికరణంలో చెప్పి వదిలింది. ఆ ఏడాదే చేసిన చట్టం ప్రకారం ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి పని చూశారు. పదేళ్ల తర్వాత ఆయనే ఉపరాష్ట్రపతిగా వచ్చి ఈ కుర్చీలోనే కూర్చున్నారు. ఉపరాష్ట్రపతి రాజీనామా రాష్ట్రపతికి రాయాలని 67వ అధికరణం అంటుంది. ఆ జూలైలో రాష్ట్రపతి విధుల్లో ఉన్నది గిరే. రాసేవారూ అందుకునేవారూ ఒకరే అయ్యే ఇలాంటి మెలిక ఆ అధికరణం రాసినవారి ఊహకు వచ్చి ఉండదు.

ఇక్కడ రెండు సందర్భాలను విడదీసి చూడాలి, పరీక్షల్లో ఎక్కువ తప్పు జరిగేదీ ఇక్కడే. చైర్మన్ పదవి ఖాళీ కావడం వేరు, చైర్మన్ ఆ పూట సభలో లేకపోవడం వేరు. 91వ అధికరణం రెంటికీ రెండు మెట్ల వరుసలు వేసింది. పదవి ఖాళీ అయినా, ఆయన రాష్ట్రపతి పనిలో ఉన్నా, చైర్మన్ విధులన్నీ డిప్యూటీ చైర్మన్‌కు వెళతాయి. ఆ కుర్చీ కూడా ఖాళీ అయితే రాష్ట్రపతి నియమించిన సభ్యుడు చూస్తాడు. ఆ పూట లేకపోతే మాత్రం డిప్యూటీ చైర్మన్ అధ్యక్షత వహిస్తారు, ఆయనా లేకపోతే వైస్ చైర్మన్ల ప్యానెల్‌లో ఒకరు. ఈ రెండో వరుసలో రాష్ట్రపతి ప్రమేయం లేదు. ప్యానెల్‌ను చైర్మనే సభ్యుల్లోంచి ఎంచుతారు, ఓటింగ్ ఉండదు. కుర్చీలో ఉన్న గంటా రెండు గంటలు సభ నడపడంలో వాళ్లకు చైర్మన్‌కున్న అధికారాలన్నీ ఉంటాయి. చైర్మన్, డిప్యూటీ చైర్మన్ పదవులు రెండూ ఖాళీ అయినప్పుడు మాత్రం వాళ్లకు అధ్యక్షత వహించే హక్కు లేదు. 2023 జూలైలో ప్యానెల్‌లో సగం మంది మహిళలు, అందులో ఒకరు ఒడిశా నుంచి వచ్చిన సులతా దేవ్.

రాష్ట్రపతి నియమించే ఆ చివరి మెట్టు అవసరమైంది 1977 మార్చిలో. రాష్ట్రపతి ఫఖ్రుద్దీన్ అలీ అహ్మద్ ఫిబ్రవరి 11న మరణించడంతో ఉపరాష్ట్రపతి బి.డి. జెట్టి తాత్కాలిక రాష్ట్రపతిగా వెళ్లారు (అంతకుముందు ఆయన ఒడిశా గవర్నరు). డిప్యూటీ చైర్మన్ గోడే మురహరి విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచి రాజ్యసభ వదిలేశారు. సభ్యత్వం పోతే డిప్యూటీ చైర్మన్ పదవీ పోతుంది. పైన ఇద్దరూ లేరు. నెలాఖరుకు రామ్ నివాస్ మిర్ధా డిప్యూటీ చైర్మన్‌గా ఎన్నికయ్యేదాకా ఆ మెట్టు మీదే సభ నిలబడింది. మురహరి ఆ తర్వాత లోక్‌సభ డిప్యూటీ స్పీకర్ అయ్యారు. మన తెలుగు లెక్కలో అక్కడ ఉపసభాపతి, హిందీ లెక్కలో ఇక్కడ ఉపసభాపతి!

సభ్యత్వంతో పదవి ముడిపడి ఉండడం డిప్యూటీ చైర్మన్‌కు ఆరేళ్లకోసారి వచ్చే తంటా. 2020 ఏప్రిల్‌లో హరివంశ్ రాజ్యసభ పదవీకాలం ముగిసింది, ఆయన సభకు మళ్లీ ఎన్నికయ్యారు. అయినా డిప్యూటీ చైర్మన్ పదవి దానంతటది కొనసాగదు. సెప్టెంబరు 14న సభ మళ్లీ ఎన్నుకునేదాకా ఐదు నెలలు ఆ పదవి ఖాళీగానే ఉంది. చంద్రపూర్‌వాళ్లు గుర్తుపెట్టుకోదగ్గ పేరు బి.డి. ఖోబ్రగడే. ఆయన 1969 డిసెంబరు నుంచి 1972 ఏప్రిల్ వరకు డిప్యూటీ చైర్మన్.

ఇటీవలి ఉదాహరణ 2025 జూలై 21. వర్షాకాల సమావేశాల మొదటి రోజే ఉపరాష్ట్రపతి జగ్‌దీప్ ధన్‌ఖడ్ ఆరోగ్య కారణాలు చెప్పి రాజీనామా చేశారు. 'తాత్కాలిక ఉపరాష్ట్రపతి' అనే మాట రాజ్యాంగంలో లేదు. ఉపరాష్ట్రపతి పనుల్లో రాజ్యసభకు సంబంధించిన భాగం మాత్రమే హరివంశ్‌కు వెళ్లింది. ఆ సమావేశాలన్నీ ఆయనే నడిపారు. సెప్టెంబరు 12న కొత్త ఉపరాష్ట్రపతి ప్రమాణం చేశారు. మధ్యలో వచ్చినా, పాతవారి మిగిలిన కాలం కాకుండా కొత్తవారికి పూర్తిగా ఐదేళ్లు.

తీసేయాలంటే

చైర్మన్‌ను నేరుగా తీసేయలేరు, ఉపరాష్ట్రపతి పదవి నుంచి తీసేయాలి. తీర్మానం రాజ్యసభలోనే మొదలవ్వాలి, లోక్‌సభలో మొదలుపెట్టడానికి లేదు. అప్పటికున్న మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలి, హాజరైనవాళ్లలో కాదు. 245లో ఐదు ఖాళీలుంటే లెక్క 240 మీద, కావలసింది 121. తర్వాత లోక్‌సభ సమ్మతించాలి. రాష్ట్రపతి అభిశంసనకు రాజ్యాంగ ఉల్లంఘన అన్న ఆరోపణ ఉండాలి, రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి. ఉపరాష్ట్రపతికి ఏ కారణమూ చెప్పక్కర్లేదు. వినడానికి సులువుగానే ఉంది. పీటముడి అంతా తీర్మానానికి ముందు ఇవ్వాల్సిన 14 రోజుల నోటీసు దగ్గరుంది.

2024 డిసెంబరు 10న ప్రతిపక్షానికి చెందిన 60 మంది ధన్‌ఖడ్ మీద నోటీసిచ్చారు. 14 రోజులు కలిపితే 24వ తేదీ. సమావేశాలు ముగియాల్సింది 20న. వేలు మీద లెక్కేసినా తేలిపోయే విషయం. 19న డిప్యూటీ చైర్మన్ నోటీసును తోసిపుచ్చుతూ చెప్పిన కారణాల్లో ఇదొకటి, ఉపరాష్ట్రపతి పేరు స్పెల్లింగే సరిగా లేదన్నది మరొకటి. 2020 సెప్టెంబరు 20న వ్యవసాయ బిల్లుల మీద డివిజన్ (ఓట్ల లెక్కింపు) అడిగినా మూజువాణీతో ముగించారని డిప్యూటీ చైర్మన్ మీద నోటీసిస్తే, మర్నాడే చైర్మన్ వెంకయ్య నాయుడు 14 రోజుల గడువు చూపించి తిరస్కరించారు. సమావేశాల మొదటి వారంలో ఇవ్వని నోటీసు నిరసనగా పనికొస్తుందేమో గానీ ఓటింగ్ దాకా రావడం కష్టం.

వచ్చిందే అనుకుందాం. ఆ చర్చలో చైర్మన్ అధ్యక్షత వహించకూడదు. మాట్లాడవచ్చు, ఓటు మాత్రం అసలే లేదు, సమానమైనా లేదు. స్పీకర్‌ను తొలగించే తీర్మానంలో స్పీకర్ మామూలు ఓటు వేయవచ్చు, ఎందుకంటే ఆయన లోక్‌సభ సభ్యుడు.

చేతిలో ఉన్నది, లేనిది

ద్రవ్యబిల్లు అవునో కాదో ధ్రువీకరించేది స్పీకర్. ఉమ్మడి సమావేశానికి అధ్యక్షత వహించేదీ స్పీకరే. 2002 మార్చి 3న స్పీకర్ బాలయోగి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు, 26న ఉగ్రవాద నిరోధక పోటా బిల్లుపై ఉమ్మడి సమావేశం ఉంది. రాజ్యసభ చైర్మన్ ఉన్నా ఆయనను పిలవలేదు, డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ నడిపారు. ఆయనా లేకపోతే వంతు రాజ్యసభ డిప్యూటీ చైర్మన్‌ది. ఆ వరుసలో ఉపరాష్ట్రపతి ఎక్కడా రారు.

సస్పెన్షన్‌లోనూ చైర్మన్ చేయి ఒక మెట్టు తక్కువే. లోక్‌సభలో 374ఎ నిబంధన కింద స్పీకర్ పేరు చదివితే చాలు, వెల్‌లోకి దూసుకొచ్చిన సభ్యుడు దానంతటదే సస్పెండ్ అవుతాడు. రాజ్యసభ చైర్మన్ 255 కింద ఆ రోజుకు బయటికి పంపగలరు, అంతే. అంతకుమించి కావాలంటే 256 కింద పేరు చెప్పాలి, ఎవరో ఒకరు తీర్మానం పెట్టాలి, సభ ఆమోదించాలి. వార్తల్లో 'చైర్మన్ సస్పెండ్ చేశారు' అని వస్తుంది గానీ నిజానికి చేసేది సభ.

ఆయన చేతిలో నిజంగా బరువున్న అధికారాలు రెండు. ఒకటి 267 నిబంధన: ఆ రోజు పనులన్నీ ఆపి ఒక విషయం చర్చించాలంటే చైర్మన్ సమ్మతి కావాలి. రోజూ పొద్దున 10 గంటల్లోపు నోటీసులు గుట్టగా పడతాయి, ఒప్పుకున్నవి వేళ్ల మీద లెక్కించేన్ని. నోట్ల రద్దుపై 2016 నవంబరులో జరిగిన చర్చ అలా ఒప్పుకున్నదే.

రెండోది పార్టీ ఫిరాయించిన సభ్యుల అనర్హత తేల్చడం. 2019 జూన్‌లో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో విలీనమవుతామన్నారు. ఆరులో మూడింట రెండొంతులు సరిగ్గా నాలుగు. ముగ్గురైతే అనర్హత వేటు, నలుగురైతే విలీనం, ఒక్క మనిషి తేడా. చైర్మన్ వెంకయ్య నాయుడు విలీనాన్ని ఆమోదించారు. అంతకుముందు 2017లో ఆయనే జేడీయూ సభ్యులు శరద్ యాదవ్, అలీ అన్వర్‌ల కేసును కమిటీకి పంపకుండా తానే విని మూడు నెలల్లో అనర్హత తేల్చారు. ఇంత గడువులోపు తేల్చాలని పదో షెడ్యూలులో ఎక్కడా లేదు. ఈ లోటును పూడ్చాలని ఎప్పటినుంచో అంటున్నా పూడ్చినవారు లేరు.

ఇక మళ్లీ మాట దగ్గరికి. సంసద్ టీవీలో రాజ్యసభ చూసేటప్పుడు కుర్చీలో ఎవరున్నారో ముఖం చూసి తెలియకపోతే, మాట్లాడే సభ్యుడి మొదటి పిలుపు వినండి. హిందీలో 'సభాపతి మహోదయ్' అంటే చైర్మన్ ఉన్నారు. 'ఉపసభాపతి' అంటే డిప్యూటీ చైర్మన్. 'ఉపసభాధ్యక్ష్' అని వినిపిస్తే అక్కడున్నది ప్యానెల్ నుంచి వచ్చిన వైస్ చైర్మన్. ఓటింగ్ జరిగి బలాలు సమానమైతే తప్ప, ఆ పూట ఆయన పార్టీకి ఒక ఓటు తక్కువ.